పిండానికి తల్లి కట్టి ఇచ్చే దారిబత్తెం: తరచుగా అడిగే ప్రశ్నలు

గర్భం వచ్చిందని టెస్టులో తెలిసేసరికే పిండానికి సుమారు రెండు వారాలు నిండుతాయి. ఆపాటికి అది ఒక్క కణంగా మొదలై, ఎన్నోసార్లు విడిపోయి, గర్భాశయం గోడలోకి దూరి స్థిరపడి ఉంటుంది. తల్లికి అప్పటిదాకా ఏమీ తెలియదు. బిడ్డ కోసమని ప్రత్యేకంగా ఏమీ తిని ఉండదు. మరి ఇంత పని ఎవరి ఖర్చుతో జరిగింది? కింది ప్రశ్నలు ఎటు తిరిగినా చివరికి దీని దగ్గరికే వస్తాయి. మందుల మోతాదుల సంగతి మాత్రం మీ డాక్టరుతో మాట్లాడుకోండి. ఇక్కడ చెప్పేది లోపల జరిగే కథ.

మాయ ఏర్పడకముందు పిండం ఏం తిని బతుకుతుంది?

అండం తనతో మోసుకొచ్చిన సరుకు కొంత, ఫాలోపియన్ ట్యూబులోనూ గర్భాశయంలోనూ ఊరే ద్రవం కొంత.

ఫలదీకరణ ట్యూబులో జరుగుతుంది. అక్కడి నుంచి గర్భాశయానికి చేరి గోడను పట్టుకోవడానికి సుమారు వారం పడుతుంది. ఈ వారమంతా పిండానికి తల్లి రక్తంతో నేరుగా సంబంధం ఉండదు. బొడ్డుతాడు లేదు, మాయ లేదు. కాలినడకన బయల్దేరిన బాటసారికి మూటలో ఉన్నదే తిండి, దారిలో దొరికింది అదనం. పాతకాలంవాళ్లు దారిబత్తెం అన్నది ఆ మూటనే.

మనిషి అండం అడ్డకొలత సుమారు 0.1 మిల్లీమీటరు. కంటికి ఆనీ ఆననంత చుక్క. అయినా ఒంట్లో ఇంత లావు కణం మరొకటి లేదు. అంత లావు కావడానికి కారణం ఈ మూటే. తొలి రోజుల్లో పిండం పెరగదు, విడిపోతుంది అంతే. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. కణాల లెక్క పెరుగుతుంది గానీ మొత్తం పరిమాణం అంతే ఉంటుంది. తాతలనాటి పొలాన్ని అన్నదమ్ములు పంచుకున్నట్టు, ఉన్న సరుకునే కొత్త కణాలు పంచుకుంటాయి. మూటలో మొదటే తక్కువపడిన వస్తువు పంపకాల్లో ఎవరి వాటాకూ సరిగ్గా రాదు.

నిల్వలు అంటే ఒంట్లో కొవ్వేనా?

కాదు. ఈ విషయంలో సగం గందరగోళం ఈ ఒక్క మాట దగ్గరే పుడుతుంది. ఇక్కడ రెండు రకాల నిల్వలున్నాయి. తల్లి ఒంట్లోని నిల్వ గాదె లాంటిది. కాలేయంలో విటమిన్ ఏ, బీ12, ఫోలేట్ ఉంటాయి. కాలేయంలోనే కాక ఎముక మజ్జలోనూ ఐరన్ ఉంటుంది. థైరాయిడ్ గ్రంథిలో అయోడిన్, చర్మం కింద కొవ్వు. అండంలోని నిల్వ ఆ గాదె నుంచి కొలిచి కట్టిన మూట. అందులో మైటోకాండ్రియా (కణానికి శక్తి తయారుచేసే భాగాలు), ఆర్ఎన్ఏ (ప్రొటీన్ల తయారీకి ఆదేశాలు మోసే అణువులు), ప్రొటీన్లు, కాస్త కొవ్వు, కాస్త గ్లైకోజెన్, ఖనిజాలు ఉంటాయి. గాదె నిండుగా ఉన్నంత మాత్రాన మూట సరిగ్గా కట్టినట్టు కాదు. ఊబకాయం గురించిన ప్రశ్న దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది.

గాదెలో ఎంత ఉందో శరీరం ముందే తడిమి చూసుకుంటుంది కూడా. కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. దీన్ని 1994లో కనుగొన్నారు. బరువు మరీ తగ్గిపోయినవారిలో నెలసరి ఆగిపోవడానికి, లెప్టిన్ పడిపోయిందన్న కబురు మెదడుకు చేరడం ఒక ముఖ్య కారణం. మూట కట్టే స్తోమత లేనప్పుడు ప్రయాణమే వాయిదా వేసుకోవడం లాంటిది ఇది.

అండంలోకి ఈ సరుకు ఎప్పుడు ఎక్కుతుంది? మూడు నెలల ముందు నుంచే జాగ్రత్తపడమని ఎందుకంటారు?

మొదలు మీ అమ్మమ్మ కాలంలోనే. ఆడపిల్ల కడుపులో ఉండగానే ఆమె అండాశయాల్లో అండకణాలు తయారవుతాయి. ఐదో నెల ప్రాంతంలో 60, 70 లక్షలు ఉంటాయి, పుట్టేనాటికి 10, 20 లక్షలకు తగ్గుతాయి. అంటే మీరు ఏ అండం నుంచి వచ్చారో అది మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడు ఏర్పడింది.

అయితే అసలు సరుకు ఎక్కేది చివర్లో. ఏళ్ల తరబడి నిద్రలో ఉన్న అండకణం మేల్కొని విడుదలయ్యేదాకా చాలా నెలలు పడుతుంది. అందులో చివరి 85 రోజులదాకా సాగే దశలో అండం చుట్టూ ఉన్న కణాలు బాగా పెరిగి, నీటి సంచీలా మారతాయి. ఈ కణాలు సన్నటి చేతులు చాచి, అండం పైపొరను దాటించి, దాన్ని పట్టుకుని ఉంటాయి. అండానికి గ్లూకోజును సొంతంగా వాడుకోవడం సరిగ్గా చేతకాదు. చుట్టూ ఉన్న కణాలే గ్లూకోజును విరిచి, పైరువేట్ అనే చిన్న అణువుగా మార్చి అందిస్తాయి, పసివాడికి ముద్దలు కలిపి పెట్టినట్టు. కొన్ని అమైనో ఆమ్లాలు కూడా ఆ చేతుల మీదుగానే వెళ్తాయి.

జింక్ సంగతి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చిట్టెలుక అండం విడుదలకు సిద్ధమయ్యే చివరి గంటల్లో 2,000 కోట్లకు పైగా జింక్ అణువులను లోపలికి లాక్కుంటుందని లెక్కకట్టారు. ఆ జింక్ అందకపోతే అండం పక్వమయ్యే పని మధ్యలోనే చెడిపోతుంది. శుక్రకణం చేరగానే కొంత జింకును విడతలుగా బయటికి చిమ్ముతుంది. ప్రత్యేకమైన రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే మెరుపుల్లా కనిపిస్తాయి. మనిషి అండాలను ప్రేరేపించినప్పుడూ ఈ మెరుపు వస్తుందని 2016లో చూపించారు.

మూడు నెలల ముందు నుంచి అనే సలహా ఎవరో గాల్లో చెప్పింది కాదు. ఆ 85 రోజుల్లో మీ రక్తంలో ఏముందో అదే అండం చుట్టూ ఉన్న ద్రవంలోనూ చాలావరకు ప్రతిఫలిస్తుంది.

కోడిగుడ్డులో లాగా మన అండంలోనూ పచ్చసొన ఉంటుందా?

లేదు. కానీ ఒకప్పుడు మన పూర్వీకులకు ఉండేది, ఆ ఆనవాళ్లు మన డీఎన్ఏలో ఇప్పటికీ ఉన్నాయి.

కోడిలో సొన సరుకు తయారయ్యేది అండాశయంలో కాదు, కాలేయంలో. అక్కడ విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ తయారై, రక్తంలో ప్రయాణించి, పెరుగుతున్న అండంలోకి చేరుతుంది. పొదిగే 21 రోజులకూ ఆ మూటే దిక్కు. పిల్ల ఖర్చు చేసే శక్తిలో 90 శాతానికి పైగా సొనలోని కొవ్వు నుంచే వస్తుంది. ఎముకలకు కావలసిన కాల్షియంలో ఎక్కువ భాగాన్ని పెంకు నుంచి లాక్కుంటుంది. పెంకు పగలగొట్టుకుని బయటికి రావడానికి ముందు, మిగిలిన సొనను కడుపులోకి తీసుకుంటుంది. అప్పుడే పుట్టిన కోడిపిల్ల ఒకటి రెండు రోజులు ఏమీ తినకపోయినా తట్టుకునేది అందుకే.

క్షీరదాలకు పాలు, మాయ సమకూరాక సొన అవసరం తగ్గింది. వాడని ఇల్లు పాడుబడ్డట్టు విటెల్లోజెనిన్ జన్యువులు పాడుబడ్డాయి. మనిషి డీఎన్ఏలో వాటి శిథిలాలున్నాయని, గుడ్లు పెట్టే క్షీరదమైన ప్లాటిపస్‌లో ఒకటి ఇంకా పనిచేస్తోందని 2008లో వెలువడిన పరిశోధన తేల్చింది. సొన సంచి అనేది మాత్రం మన పిండానికీ ఏర్పడుతుంది. అందులో సొన ఉండదు గానీ తొలి రక్తకణాలు పుట్టేది అక్కడే. మొదటి స్కాన్‌లో చిన్న ఉంగరంలా కనిపించేది అదే.

తల్లి నిల్వలకూ పిండం బతుకుకూ ఉన్న ముడి ఎంత గట్టిదో చూడాలంటే చేపల దగ్గరికి వెళ్లాలి. బాల్టిక్ సముద్రపు సాల్మన్ చేపపిల్లలు సొన చివరికొచ్చే దశలో తల వాల్చి, తిన్నగా ఈదలేక, గుంపులుగా చనిపోతున్నట్టు 1974లో స్వీడన్‌లోని హేచరీల్లో గమనించారు. కారణం చాలా ఏళ్లకు గానీ తేలలేదు. తల్లి చేప ఒంట్లో థయామిన్, అంటే విటమిన్ బీ1, తక్కువ. అందువల్ల గుడ్డులోనూ తక్కువే. పిల్లలను థయామిన్ కలిపిన నీళ్లలో ఉంచితే తేరుకున్నాయి. పైకి చూస్తే గుడ్డు బాగానే ఉంది, కొవ్వు ఉంది, ప్రొటీన్ ఉంది. లేనిది ఒక్క విటమినే. నన్నడిగితే ఈ విషయం మొత్తానికీ ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఒంటికి ఇంధనం గ్లూకోజ్ కదా, పిండానికీ అదేనా?

మొదటి మూడు రోజులు కాదు. ఈ సంగతి అర్థం కావడానికి శాస్త్రవేత్తలకు చాలా కాలం పట్టింది.

1956లో వెస్లీ విట్టెన్ అనే శాస్త్రవేత్త చిట్టెలుక పిండాలను గాజు పాత్రలో పెంచడానికి ప్రయత్నించాడు. ఉప్పులు, గ్లూకోజ్, ప్రొటీన్ కలిపిన ద్రవంలో 8 కణాల పిండాలు చక్కగా బ్లాస్టోసిస్ట్ దశకు చేరాయి. బ్లాస్టోసిస్ట్ అంటే లోపల నీరు నిండిన బంతిలా మారిన పిండం, మనుషుల్లో ఐదో రోజుకు వచ్చే దశ. అలా పాత్రలో పెరిగిన వాటిని తల్లి ఎలుకల్లో పెడితే పిల్లలు పుట్టాయని 1958లో ఆన్ మెక్‌లారెన్, జాన్ బిగ్గర్స్ చూపించారు. కానీ అంతకంటే చిన్న పిండాలు, ఒకటి రెండు కణాలవి, అదే ద్రవంలో ముందుకు కదిలేవి కావు. పైరువేట్ ఇస్తే కదిలాయి. 1960లలో జరిగిన ప్రయోగాలతో క్రమం బయటపడింది. మొదట పైరువేట్, కొంచెం పెద్దయ్యాక లాక్టేట్ కూడా, 8 కణాల దశ నుంచి గ్లూకోజ్.

ఫాలోపియన్ ట్యూబులోని ద్రవం కూడా ఈ పద్ధతికి తగ్గట్టే ఉంటుంది. అందులో పైరువేట్, లాక్టేట్ పుష్కలం, గ్లూకోజ్ తక్కువ. గర్భాశయం వైపు వచ్చేసరికి లెక్క మారుతుంది. బ్లాస్టోసిస్ట్‌కు ఇంధనం ఒక్కటే చాలదు, కొత్త కణాలకు ఇటుకలూ కావాలి. ఆ రెండూ గ్లూకోజ్ నుంచి తీసుకుంటుంది. బంతిలోకి నీటిని తోడే పంపులకు కూడా బోలెడు శక్తి పడుతుంది.

కొవ్వు కూడా లెక్కలో ఉంది. పంది, ఆవు అండాలు కొవ్వు బొట్లతో నల్లగా కనిపిస్తే, చిట్టెలుక, మనిషి అండాలు తేటగా ఉంటాయి. తేటగా ఉన్నవాటికి కొవ్వు పెద్దగా అక్కర్లేదేమో అనుకునేవారు. చిట్టెలుక అండంలో కొవ్వును కాల్చే దారిని మందుతో మూసేస్తే పిండం ఎదుగుదల దెబ్బతింటుందని తరవాత తెలిసింది. చిన్న మూటలోని చిల్లరకూ విలువుంది.

అయితే ఎంత ఎక్కువ ఇంధనం వాడితే పిండం అంత బలమైనదా?

చాలామంది అలాగే అనుకుంటారు. బ్రిటిష్ శాస్త్రవేత్త హెన్రీ లీస్ 2002లో దీనికి ఎదురు వాదన పెట్టాడు. బాగా బతికే పిండం నెమ్మదస్తుడిలా ఉంటుందని, తక్కువ తీసుకుని తక్కువ వదులుతుందని అన్నాడు. ఎక్కువ హడావుడి చేసే పిండం లోపల ఏవో మరమ్మతులు చేసుకుంటూ ఉండి ఉండొచ్చు. మూటలో సరుకు సరిగ్గా ఉంటే దారిలో దొరికిన ప్రతిదానికీ ఎగబడే పని ఉండదు. దీని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. లీస్ కూడా తరవాత మరీ మందకొడితనమూ మంచిది కాదని, మధ్యస్థంగా ఉండాలని సవరించాడు.

పిండం సొంత జన్యువులు ఎప్పుడు పని మొదలుపెడతాయి?

మనుషుల్లో ప్రధానంగా 4 నుంచి 8 కణాల మధ్య, అంటే సుమారు మూడో రోజు. ఆవుల్లో ఇంకాస్త ఆలస్యం. చిట్టెలుకల్లో 2 కణాలకే. అంతవరకు ఏ ప్రొటీన్ ఎప్పుడు తయారుకావాలో చెప్పే ఆర్ఎన్ఏ చీటీలు దాదాపు అన్నీ తల్లి రాసిపెట్టినవే.

కాబట్టి నిల్వ అంటే తిండి ఒక్కటే కాదు, ఆదేశాలు కూడా. 2000లో చిట్టెలుకల్లో ఒక జన్యువును తీసేసి చూశారు. ఆ జన్యువు లేని ఆడ ఎలుకలు ఆరోగ్యంగానే పెరిగాయి, అండాలూ మామూలుగానే విడుదలయ్యాయి, ఫలదీకరణా జరిగింది. కానీ పిండాలు రెండు కణాల దగ్గరే ఆగిపోయాయి. తండ్రి నుంచి ఆ జన్యువు మంచిది వచ్చినా లాభం లేకపోయింది. అది పని మొదలుపెట్టేసరికే ఆలస్యం అయిపోయింది మరి. ఆ జన్యువుకు ఇంగ్లిష్‌లో వేరే పెద్ద పేరుంది గానీ దాన్ని ముద్దుగా ‘మేటర్’ అన్నారు. లాటిన్‌లో అమ్మ అని అర్థం.

మైటోకాండ్రియా అన్నీ తల్లివేనా?

అవును. పక్వమైన మనిషి అండంలో మైటోకాండ్రియా డీఎన్ఏ నకళ్లు లక్షకు పైనే ఉంటాయి. శుక్రకణంతో వచ్చిన కొద్ది మైటోకాండ్రియాను అండం గుర్తుపెట్టి నాశనం చేస్తుంది. తొలి రోజుల్లో పిండం కొత్త మైటోకాండ్రియా డీఎన్ఏను పెద్దగా తయారుచేసుకోదు. ఉన్నవాటినే కణాలు పంచుకుంటాయి. అందుకే అండం దగ్గర మొదట ఎన్ని ఉన్నాయి, ఎంత ఆరోగ్యంగా ఉన్నాయి అన్నది అంత ముఖ్యం.

ఏ పోషకం నిల్వ ఎంతకాలం వస్తుంది?

అందరికీ ఉపయోగపడే ప్రశ్న ఇదే, కాస్త వివరంగా చెప్తాను. ఒక్కో సరుకుకు ఒక్కో గడువు ఉంటుంది.

బీ12 గడువు ఏళ్లలో ఉంటుంది. పెద్దవాళ్ల ఒంట్లో కొన్ని మిల్లీగ్రాముల నిల్వ ఉంటుంది, అందులో సగం కాలేయంలోనే. రోజువారీ ఖర్చు మైక్రోగ్రాముల్లో. అందుకే లోటు ఏళ్ల తరబడి బయటపడదు. బయటపడనంత మాత్రాన లేనట్టు కాదు. శాకాహారులు, ముఖ్యంగా పాలు, గుడ్లు కూడా ముట్టనివారు గర్భానికి ముందు దీన్ని పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఫోలేట్ గడువు నెలల్లో ఉంటుంది. 1960ల తొలినాళ్లలో విక్టర్ హెర్బర్ట్ అనే అమెరికా వైద్యుడు మళ్లీ మళ్లీ ఉడికించి ఫోలేట్ తీసేసిన తిండిని తానే తిని చూసుకున్నాడు. నాలుగున్నర నెలలకు రక్తహీనత వచ్చింది. రక్తంలో ఫోలేట్ అంతకు చాలా వారాల ముందే పడిపోయింది.

థయామిన్ రెండు మూడు వారాల సరుకు. దీని మాట వాంతుల ప్రశ్నలో మళ్లీ వస్తుంది.

జింక్‌కు గాదె అంటూ లేదు. ఎముకల్లోనూ కండరాల్లోనూ చాలా ఉంటుంది గానీ అవసరానికి బయటికి తీసుకోవడం కష్టం. అందుకే రోజూ అందాలి.

ఐరన్ గాదె ఖాళీ కావడమూ నిండటమూ నెమ్మదే. ఒక గర్భం మొత్తానికి సుమారు 1,000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. అందులో ఎక్కువ భాగం చివరి నెలల ఖర్చు. కానీ అప్పుడు మేల్కొంటే అంత సరుకు ఒక్కసారిగా సమకూరదు. హీమోగ్లోబిన్ బాగుంది కదా అని ఊరుకోకూడదు. గాదెలో ఎంత ఉందో చెప్పేది ఫెర్రిటిన్ పరీక్ష.

అయోడిన్ థైరాయిడ్‌లో హార్మోను రూపంలో కొన్ని వారాల నుంచి నెలల దాకా నిల్వ ఉంటుంది. గర్భంలో దాదాపు సగం కాలం గడిచేదాకా శిశువు సొంతంగా థైరాయిడ్ హార్మోనును తగినంత తయారుచేసుకోలేదు. అప్పటివరకు మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం.

గర్భం ఖాయమయ్యాక ఫోలిక్ యాసిడ్ మొదలుపెడితే సరిపోదా?

చాలాసార్లు ఆలస్యమైపోతుంది. ఫోలిక్ యాసిడ్ అంటే మాత్రల్లో ఉండే ఫోలేట్. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీ నాళం గర్భధారణ జరిగిన 28 రోజులకల్లా మూసుకుపోతుంది. అంటే నెలసరి తప్పిన రెండు వారాలకే. ఎర్రరక్తకణాల్లో ఫోలేట్ తగిన స్థాయికి చేరడానికి కొన్ని వారాల నుంచి నెలలు పడుతుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకుంటే జవాబు అదే తెలుస్తుంది.

1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ 7 దేశాల్లో 1,817 మంది స్త్రీలతో చేసిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. వీరందరికీ అంతకుముందు నాడీ నాళ లోపంతో బిడ్డ పుట్టిన, లేదా అలాంటి గర్భం వచ్చిన చరిత్ర ఉంది. గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవారిలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. అలాంటి చరిత్ర లేనివారికి సాధారణంగా చెప్పేది రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం కోసం ప్రయత్నించడానికి ముందు నుంచే.

ఆ కొద్ది రోజుల లోటు జీవితాంతం ఉంటుందా?

ఉండగలదు. అలాగని అది నుదుటి రాత కాదు. ఈ రెండు మాటలూ కలిపే వినాలి.

1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం ఆహార రవాణాను అడ్డుకోవడంతో పశ్చిమ నెదర్లాండ్స్‌లో కరువు వచ్చింది. మనిషికి ఇచ్చే రేషన్ రోజుకు 1,000 కేలరీల కంటే దిగజారింది. ఆ నెలల్లో కడుపున పడిన పిల్లలు మామూలు బరువుతోనే పుట్టారు. పుట్టినప్పుడు చూసి ఎవరూ ఏమీ అనుకుని ఉండరు. ఆరు దశాబ్దాల తరవాత వారి డీఎన్ఏను, కరువు తగలని సొంత తోబుట్టువుల డీఎన్ఏతో పోల్చారు. ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 అనే జన్యువు మీద మిథైల్ గుర్తులు వీరిలో తక్కువగా ఉన్నాయని 2008లో వెల్లడించారు. గర్భం తొలి నెలల్లో కరువు తగిలినవారిలో పెద్దయ్యాక గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి.

మిథైల్ గుర్తు అంటే జన్యువు మీద పెట్టే చిన్న రసాయన ముద్ర. ఏ జన్యువు ఎంత గట్టిగా పలకాలో అది సర్దుతుంది. ఆ ముద్రలకు కావలసిన ముడిసరుకు ఫోలేట్, బీ12, కోలిన్, మిథియోనిన్ వంటి వాటి నుంచి వస్తుంది. తొలి వారంలో పిండం పాత ముద్రల్లో చాలావాటిని చెరిపేసి, తరవాత కొత్తవి వేసుకుంటుంది. పాత సున్నం గీకేసి కొత్తగా వెల్ల వేసే రోజులవి. ఆ సమయానికి సున్నం తక్కువైతే ఎక్కడో ఒక చోట మరక మిగిలిపోతుంది. గాంబియాలో వానాకాలంలో కడుపున పడిన పిల్లలకూ ఎండాకాలంలో పడినవారికీ కొన్ని చోట్ల ఈ ముద్రలు తేడాగా ఉన్నాయని, ఆ తేడా తల్లి రక్తంలోని పోషకాలతో ముడిపడి ఉందని 2014లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

మనుషుల మీద ప్రయోగాలు చేయలేం కాబట్టి కచ్చితమైన లెక్క జంతువుల నుంచే వస్తుంది. 2000లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు ఎలుకలకు గర్భం తొలి నాలుగు రోజులు మాత్రమే ప్రొటీన్ తక్కువున్న మేత పెట్టి, తరవాత మామూలు మేతకు మార్చారు. ఆ నాలుగు రోజులకే బ్లాస్టోసిస్ట్‌లో కణాలు తగ్గాయి. పుట్టిన పిల్లల్లో కొన్నిటికి పెద్దయ్యాక రక్తపోటు పెరిగింది. పిండం గర్భాశయం గోడకు అతుక్కోకముందు జరిగిన లోటు అది.

నిల్వలు ఎక్కువుంటే మంచిదేగా?

ఇందాక గాదె వేరు, మూట వేరు అన్నది ఇక్కడే. ఊబకాయం ఉన్న చిట్టెలుకల అండాల్లో కొవ్వు బొట్లు పేరుకుని, మైటోకాండ్రియా ఒత్తిడికి లోనై పాడవుతాయి. మనుషుల్లో 2015లో బ్రిటన్ పరిశోధకులు చూసినదీ ఆ దారిలోనే ఉంది. అధిక బరువున్న స్త్రీల పిండాలు బ్లాస్టోసిస్ట్ అయ్యేసరికి వాటిలో కణాలు తక్కువ ఉన్నాయి, గ్లూకోజ్ తక్కువ తీసుకున్నాయి, కొవ్వు మాత్రం ఎక్కువ ఉంది. ఒంటి మీద కొవ్వు దండిగా ఉండి ఐరన్, ఫోలేట్, విటమిన్ డీ తక్కువగా ఉండటం కూడా చాలా మామూలు.

షుగర్ ఉన్నవారి విషయంలో ఇది ఇంకా సూటిగా ఉంటుంది. గర్భం తొలి వారాల్లో గ్లూకోజ్ అదుపు తప్పితే బిడ్డ గుండె, వెన్ను లోపాల ముప్పు పెరుగుతుంది. అందుకే మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీని గర్భానికి ముందే 6.5 శాతం లోపుకు తెచ్చుకోమని డాక్టర్లు చెప్తారు. విటమిన్ ఏ కూడా అంతే. లోటూ చేటే, అతీ చేటే. రెటినాల్ రూపంలో రోజుకు 10,000 యూనిట్లు దాటితే పిండానికి హాని కలగొచ్చు. మంచిదని రెండు మూడు రకాల మాత్రలు కలిపి మింగేవారు ముందు డబ్బాల మీద లెక్క చూసుకోవాలి.

మాయ పని మొదలుపెట్టగానే తల్లి తిన్నది నేరుగా అందుతుందా?

వెంటనే కాదు. మొదటి 10, 12 వారాలు మాయలోకి తల్లి రక్తం ధారాళంగా రాదు. గర్భాశయం గోడలోని గ్రంథులు స్రవించే ద్రవం, అందులోని గ్లైకోజెన్, కొవ్వు, ప్రొటీన్లు పిండాన్ని పోషిస్తాయి. కొందరు దీన్ని గర్భాశయపు పాలు అంటారు. పేరు బాగుంది. ఇలా రక్తం రానివ్వకపోవడంలో ఒక జాగ్రత్త ఉంది. అవయవాలు ఏర్పడే సున్నితమైన సమయంలో ఆక్సిజన్ ఎక్కువైతే కణాలకు హాని. అందుకే ఆ గది తలుపులు ఓరగా వేసి ఉంచుతుంది శరీరం.

తొలి నెలల్లో వాంతులతో ఏమీ తినలేకపోతున్నాను. బిడ్డ ఆకలితో ఉన్నట్టేనా?

టెన్షన్ పడకండి. ఎనిమిది వారాలకు పిండం పొడవు సుమారు 1.6 సెంటీమీటర్లు, బరువు ఒక గ్రాము అటూ ఇటూ. దానికి కేలరీలు అంతగా అక్కర్లేదు. మీ గాదె, గర్భాశయపు గ్రంథులు దాన్ని చూసుకుంటాయి. మామూలు వేవిళ్ల వల్ల బిడ్డకు హాని లేదు.

కానీ నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం బాగా తగ్గితే, బరువు పడిపోతుంటే ఇంట్లో ఓర్చుకుంటూ కూర్చోవద్దు. రెండు మూడు వారాల వాంతులు థయామిన్ గాదెను ఖాళీ చేస్తాయి. అది లేకుండా గ్లూకోజ్ సెలైన్ ఒక్కటే ఎక్కిస్తే తల్లి మెదడుకే ప్రమాదం రావచ్చు. ఎన్ని రోజులుగా తినలేదో డాక్టరుకు కచ్చితంగా చెప్పండి, థయామిన్ గురించి అడగండి.

నిల్వలు చాలకపోతే పిండం ఆగి ఎదురుచూస్తుందా?

కొన్ని జంతువుల్లో అవును. యూరప్‌లో తిరిగే రో జింక జూలై, ఆగస్టుల్లో జతకడుతుంది. పిండం బ్లాస్టోసిస్ట్ దశలో దాదాపు ఐదు నెలలు గర్భాశయంలో తేలుతూ ఉండి, డిసెంబరు, జనవరి ప్రాంతంలో గోడను పట్టుకుంటుంది. పిల్ల సరిగ్గా పచ్చిక మొలిచే కాలానికి పుడుతుంది. పాలిచ్చే చిట్టెలుకల్లోనూ పిండాలు కొన్ని రోజులు ఇలా కునుకు తీస్తాయి. నెలల తరబడి ఆగే వెసులుబాటు మన పిండానికి లేదు.

కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎంత ఎడం ఉండాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది, కాన్పు తరవాత మళ్లీ గర్భం కోసం కనీసం 24 నెలలు ఆగమని. గర్భం, కాన్పులో పోయిన రక్తం, పాలివ్వడం, మూడూ ఒకే గాదె నుంచి తీస్తాయి. ముఖ్యంగా ఐరన్, ఫోలేట్ తిరిగి నిండటానికి సమయం కావాలి.

ఐవీఎఫ్‌లో ల్యాబులోనే అన్నీ ఇస్తారు కదా, తల్లి నిల్వలతో పనేముంది?

ల్యాబు ఇచ్చేది దారిలోని ద్రవానికి బదులు మాత్రమే. పైరువేట్, లాక్టేట్, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు అందులో ఉంటాయి. 1960ల ఎలుక ప్రయోగాల నుంచి వచ్చిన వంటకమే అది, ఆ తరవాత చాలా మెరుగైంది. మైటోకాండ్రియా, ఆర్ఎన్ఏ చీటీలు, అండం పక్వమయ్యేటప్పుడు ఎక్కిన జింక్, వీటిని ఏ సీసాలోంచీ పోయలేరు. అండాలు తీసే తేదీకి ముందున్న మూడు నెలలు ఐవీఎఫ్ వారికీ అంతే ముఖ్యం.

అన్నీ తల్లి మీదే పెడితే ఎలా? తండ్రి పాత్ర ఏమీ లేదా?

ఉంది, కాకపోతే మూట మోసే పాత్ర కాదు. శుక్రకణం సరుకు తేదు. సగం డీఎన్ఏ, దాని మీద కొన్ని ముద్రలు, కొన్ని చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు తెస్తుంది. అవి తండ్రి తిండిని బట్టి, బరువును బట్టి మారతాయని జంతువుల్లో గట్టి ఆధారాలున్నాయి. శుక్రకణం తయారుకావడానికి సుమారు 74 రోజులు పడుతుంది. కాబట్టి మూడు నెలల జాగ్రత్త ఆయనకూ వర్తిస్తుంది. సిగరెట్ మానమని భార్యకు కాదు, ముందు భర్తకు చెప్పాల్సి వస్తుంది చాలాసార్లు.